నది లేకుండానే కార్ల్స్‌బాడ్ గుహలు అంత పెద్దవి ఎలా అయ్యాయి?

మీ డౌట్ కరెక్టే. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న కార్ల్స్‌బాడ్ కావెర్న్స్ నేషనల్ పార్కు గుహలను ఏ నదీ తొలవలేదు. మన బొర్రా గుహల్లాంటి చోట్ల వాననీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని పలచటి ఆమ్లంగా మారి, పైనుంచి దిగుతూ సున్నపురాయిని కరిగిస్తుంది. ఇక్కడ కథ తలకిందులు, ఆమ్లం కిందినుంచి వచ్చింది.

ముందు ఆ రాయి సంగతి. సుమారు 26 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పుడు ఎడారిగా ఉన్న ఆ చోట సముద్రం ఉండేది. దాని అంచున ఎదిగిన రీఫ్, అంటే సముద్ర జీవులు కట్టిన రాతిదిబ్బ ఇది. రీఫ్ అనగానే పగడాలు గుర్తొస్తాయి గానీ, దీన్ని కట్టింది ఎక్కువగా స్పాంజీలు, నాచు. తర్వాత సముద్రం ఎండి, రీఫ్ పూడిపోయి, చాలాకాలానికి కొండలుగా పైకి లేచింది.

పక్కనే భూమి లోపల చమురు, గ్యాస్ నిల్వలున్నాయి. వాటి నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పైకొచ్చి, ఆక్సిజన్ ఉన్న భూగర్భజలంతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం అయింది. బ్యాటరీల్లో పోసేది అదే, ఇక సున్నపురాయి ఎంత! 40-60 లక్షల ఏళ్ల కిందట ఆ పెద్ద హాళ్లన్నీ అలా కరిగినవే. కొండలు లేచేకొద్దీ నీటిమట్టం దిగి గుహలు ఖాళీ అయ్యాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఈ పని చేసిందనడానికి సాక్ష్యం లోపల మిగిలిన జిప్సం దిమ్మలు, ఎందుకంటే ఈ ఆమ్లం సున్నపురాయిని తింటే మిగిలేది జిప్సమే.

వేలాడే రాతి ఊడలు మాత్రం తర్వాత వాన చినుకులు చేసిన పని.