కాకినాడ లాంటి రేవు ఊళ్ళకు సముద్రపు గాలి కరెంటుతో ఉద్యోగాలు వస్తాయా?

"సముద్రంలో గాలిమరలు పెడితే మా కాకినాడ పిల్లలకు పనులు దొరుకుతాయా, లేక పెద్ద కంపెనీలు వచ్చి కట్టేసి వెళ్ళిపోతాయా?" అని అడిగారు, మీ అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాడనీ చెప్పారు. నేను ఇంగ్లండ్ తూర్పు తీరంలోని గ్రిమ్స్‌బీ రేవులో, విండ్ ఫామ్‌కు (సముద్రంలోని గాలిమరల సముదాయానికి) స్పేర్ పార్ట్స్ పంపే గోదాంలో పనిచేస్తున్నాను. ఇక్కడ చూసినదాన్ని బట్టి చెప్పాలంటే రెండూ జరుగుతాయండి. కట్టే పని భారీగా వస్తుంది, రెండు మూడేళ్ళలో అయిపోతుంది. ఊరికి మిగిలేది మెయింటెనెన్స్. అది పాతికేళ్ళు నడుస్తుంది.

గ్రిమ్స్‌బీ ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పెద్ద చేపల రేవుల్లో ఒకటి. ఐస్‌లాండ్ తన తీరం చుట్టూ 200 నాటికల్ మైళ్ళ వేట హద్దు గీసుకుని, దాని మీద బ్రిటన్‌తో వచ్చిన గొడవ 1976లో తేలాక ఇక్కడి పడవలకు దూరపు వేట పోయింది. రేవు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు అక్కడి నుంచే హార్న్‌సీ విండ్ ఫామ్‌ల బాగోగులు చూస్తున్నారు. హార్న్‌సీ వన్‌లో 174 టర్బైన్లు (గాలిమరలు), తీరానికి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో. రోజూ వెళ్ళి రావడం కుదరదు కాబట్టి టెక్నీషియన్లు పెద్ద ఓడలోనే రెండేసి వారాలు ఉంటారు. ఓడ నుంచి టర్బైన్ మీదికి వంతెనలాంటి గ్యాంగ్‌వే చాస్తారు. అల ఓడను ఊపినా అది దాదాపు కదలకుండా నిలబడుతుంది, మనిషి నడిచి వెళ్ళిపోతాడు. దగ్గరి ఫామ్‌లకైతే చిన్న బోట్లు. అవి ముక్కును టర్బైన్ నిచ్చెనకు ఆనించి నొక్కి పెడతాయి. అల సుమారు మీటరున్నర దాటితే ఆ రోజు ప్రయాణం రద్దు.

అందుకే మా గోదాంలో టెన్షన్ అంతా ముందు రోజు సాయంత్రమే. ఏ టర్బైన్‌కు ఏ పని, ఏ బోల్టు, ఏ ఫిల్టరు అని చూసి ఒక్కో సంచీ కట్టి, తూకం వేసి, చీటీ అంటిస్తాం. పై నుంచి జారి కింద పడే ప్రమాదం లేకుండా ప్రతి పనిముట్టుకూ తాడు ఉండాలి. లీకు ఆపే సీలు ఒక్కటి తక్కువైనా అక్కడి మనుషులు ఖాళీ చేతులతో కూర్చోవాలి. ఈ పనికి ఇంజినీరింగ్ డిగ్రీలే కావాలని లేదు. వెల్డింగ్, క్రేన్, బోటు, వంట, లెక్కలు, అన్నీ రేవు చుట్టూ ఉండే పనులే.

హంబర్ నదికి అవతల హల్‌లో కథ వేరు. 2016 చివర్లో అలెగ్జాండ్రా డాక్‌లో సీమెన్స్ బ్లేడ్ల (గాలిమర రెక్కల) ఫ్యాక్టరీ మొదలైంది. 81 మీటర్ల బ్లేడును లోతట్టు రోడ్ల మీద తిప్పలేం, అందుకే ఫ్యాక్టరీయే రేవు గట్టుకు వచ్చింది. గాజునార పొరలను చాలావరకు చేతులతోనే పరుస్తారు, మధ్యలో తేలికైన బాల్సా చెక్క పెడతారు. ఆ ఫ్యాక్టరీ వల్ల దాదాపు వెయ్యి మందికి పని దొరికింది. కానీ టర్బైన్ తల భాగమైన నాసెల్ జర్మనీలోని కుక్స్‌హావెన్ నుంచి వస్తుంది. రేవు ఒక్కటే ఉంటే చాలదు, ఫ్యాక్టరీని ఒప్పించి తెచ్చుకోవాలి. గ్రిమ్స్‌బీలో పేదరికం ఇంకా ఉంది, చేపల రోజుల్లో ఉన్నన్ని ఉద్యోగాలు తిరిగి రాలేదు. ఆ మాటా దాచకూడదు.

ఇక మన సంగతి. సముద్రపు గాలిమరల కోసం దేశంలో ముందుగా గుర్తించిన జోన్లు గుజరాత్, తమిళనాడు తీరాల్లో ఉన్నాయి. 2024 జూన్‌లో కేంద్రం వీటి కోసం 7,453 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. రెండు రాష్ట్రాల్లో చెరో 500 మెగావాట్లు, రెండు రేవుల అభివృద్ధికి 600 కోట్లు అందులో భాగం. అంటే మొదటి వరసలో కాకినాడ లేదు. అయినా కేజీ బేసిన్ గ్యాస్ పనుల వల్ల సముద్రంలో పనిచేసే బోట్లు, మనుషులు, వర్క్‌షాపులు మీ వైపు ఉన్నాయి. తమిళనాడులో పని మొదలైతే ఆ అనుభవం అక్కడ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మీ అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా అన్నారు కదా, ముందు భూమి మీది గాలిమరల్లో రెండేళ్ళు పని చేయనివ్వండి. అనంతపురం వైపు ఉన్నాయి. హైడ్రాలిక్స్, హై వోల్టేజ్ చేతికి అలవాటు కావాలి. జీడబ్ల్యూఓ (గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ అనే గాలిమరల కంపెనీల సంస్థ) సేఫ్టీ శిక్షణ మన దేశంలోనూ ఇస్తున్నారు, కానీ అందులో చాలా భాగం రెండేళ్ళకే గడువు తీరిపోతుంది. ఉద్యోగం ఖాయం కాకుండా దానికి డబ్బు కట్టకండి. చాలా కంపెనీలు తీసుకున్నాక వాళ్ళ ఖర్చుతోనే చేయిస్తాయి.