ఆ ముసాయిదా పంపకు

విజయవాడ

అమ్మాయ్,

నీ ఉత్తరం, దాంతో పాటు నీ కొండపల్లి బొమ్మల పేజీ గూగుల్‌లో పైకి రావాలని, దానికి లింకులు పెట్టమంటూ అరవై మంది వెబ్ డిజైనర్లకు పంపుదామని రాసి పెట్టుకున్న ముసాయిదా, రెండూ చదివాను. ముసాయిదా చదువుతుంటే ఒళ్లు మండింది. ‘మీ అద్భుతమైన వెబ్‌సైట్ చూసి ముగ్ధురాలినయ్యాను. మా లింకు పెడితే మీ లింకు మేమూ పెడతాం.’ అరవై మందికీ అదే ముక్క! ఎవరి సైటూ తెరిచి చూడకుండా ముగ్ధురాలివి ఎలా అయ్యావు? దయచేసి పంపకు.

ఆ బొమ్మల పేజీ రాసింది కూడా నువ్వేనంటే నమ్మబుద్ధి కాలేదు. తెల్ల పొణికి చెక్కను సన్నని సెగకు ఆరబెట్టడం, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఏనుగుకు తొండం అతకడం. ఆ అతుకు మీద బొటనవేలి ముద్ర పడి ఉందని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. అంత దగ్గరగా చూడగలిగినదానివి ఇలా అడుక్కోవడం ఏంటి?

పని మధ్యలో చిక్కు పడినప్పుడు నీ పేజీ ఆదుకుంటే డిజైనర్ అడక్కుండానే లింకు ఇస్తాడు. నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

చాలా ఏళ్ల కిందట, తెలుగు అక్షరాలు తెర మీద ఎందుకు విరుగుతాయో వివరిస్తూ ఒక వ్యాసం రాసి వారపత్రికకు పంపాను. ‘ఇలాంటివి తెలుగులో ఎవరు చదువుతారండీ’ అని ఎడిటర్ తిప్పి పంపాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కథ అయితే వేస్తారు, కవిత అయితే వేస్తారు, పని నేర్పే రాత మాత్రం వాళ్లకు రాతే కాదు. ఆ పంతంతోనే దాన్ని నా సైట్‌లో పెట్టాను. కొన్నాళ్లకు గవర్నర్‌పేట నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మిఠాయి కొట్టు సైట్ చేస్తున్నాడట. బటన్ మీద ‘సున్నుండలు’ అని పెడితే కింద ఒత్తు తెగిపోయి ‘సునుండలు’ అని కనబడుతోంది. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు, మన ఒత్తులకు చాలదు. బటన్ ఎత్తు బిగించేసి, బయటికొచ్చింది కత్తిరించమని పెడితే ముందు పోయేది ఒత్తే. నా పేజీ చూసి ఎత్తు పెంచాడు, ఒత్తు తిరిగొచ్చింది. వాళ్ల ఆఫీసువాళ్లు రాసుకునే నోట్స్ పేజీలో నా లింకు పెట్టాడు. దాన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు.

మధ్యలో నాకూ ఆశ పుట్టింది. 2011లో ఒకతనికి డబ్బిచ్చి, అతను చేసే సైట్లన్నిటి ఫుటర్లలో, అంటే పేజీ అడుగున, నా లింకు పెట్టించుకున్నాను. 2012 ఏప్రిల్‌లో గూగుల్, వెతికినప్పుడు ఏ సైట్ ముందు చూపాలో తేల్చే పద్ధతిలో పెంగ్విన్ అప్‌డేట్ అనే మార్పు తెచ్చింది. అలా కొని పోగేసిన లింకుల మీద వేటు వేయడానికే అది వచ్చింది. చూస్తుండగానే నా సైట్ వెతికినా దొరకని చోటికి పోయింది. లింకు తీసేయండి బాబూ అని ఒక్కొక్కరినీ బతిమాలుతూ నెలల తరబడి కూర్చున్నాను. వేరే సైట్ల నుంచి మనకు వచ్చే లింకులు అమ్ముతామని, ‘వెయ్యి బ్యాక్‌లింకుల ప్యాకేజీ’ అంటూ ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నీకూ వస్తాయి, ఫోన్ పెట్టేయి.

హోటళ్లకు, ట్రావెల్స్‌కు సైట్లు చేసేవాళ్లకు కొండపల్లి ఫొటోలు కావాలి. ఎక్కడివో ఎత్తి పెట్టుకుని, కాపీరైట్ అని ఎవరైనా అడుగుతారేమోనని టెన్షన్ పడుతుంటారు. నీ ఫొటోలను క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్స్ కింద పెట్టు. వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, కానీ తీసినవాళ్ల పేరు వేయాలి, అదే దాని షరతు. ప్రతి ఫొటో కింద నీ పేరు, లైసెన్స్, పేజీ లింకు ఉన్న ఒక వరుస కాపీ చేసుకునేలా సిద్ధంగా పెట్టు. ఫొటోలో ఉన్న కళాకారులను ముందు అడుగు, ఆ ఫొటో ఎక్కడెక్కడికి వెళ్లొచ్చో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పు. పేజీ చిరునామా మార్చకు. మార్చక తప్పకపోతే పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే 301 రీడైరెక్ట్ పెట్టు, ఎందుకంటే ఒక్కసారి చచ్చిన లింకు చూసిన డిజైనర్ దాన్ని పీకేస్తాడు, మళ్లీ పెట్టడు.

ఆ అరవై మందిలో ముగ్గురిని ఎంచుకో. వాళ్లు చేసిన సైట్‌లో ఏ బొమ్మ ఫొటో మసగ్గా ఉందో చూసి, దానికి బదులు నీది వాడుకోమని రెండు ముక్కలు రాయి. లింకు మాట ఎత్తకు.

ఆదివారం మళ్లీ కొండపల్లి వెళ్తున్నానన్నావు కదా. మక్కు అతికే ఆ చేతులను ఈసారి ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో తియ్యి. తీశాక నాకూ పంపు.