ఐదేళ్ల పిల్లలకు మ్యూజియం ఏమి తెలుస్తుంది? చంద్రగిరిలో అయితే చాలానే తెలుస్తుంది

తిరుమల దర్శనానికి వస్తున్నామని, ఐదేళ్ల అమ్మాయి, మూడేళ్ల అబ్బాయి ఉన్నారని, చంద్రగిరి కోటలోని మ్యూజియం వారికి ఇప్పుడే చూపించాలా లేక పెద్దవాళ్లయ్యే దాకా ఆగాలా అని మీరు అడిగారు. ఆగనవసరం లేదు. మ్యూజియంలో చిన్న పిల్లలకు విసుగు పుట్టించేది వారిని తీసుకెళ్లిన పెద్దల తొందరే అని నేను గట్టిగా నమ్ముతాను.

తిరుపతిలో కాపురం ఉంటున్నందున మా ఇంటికి దర్శనం కోసం వచ్చే చుట్టాలకు కొదవ లేదు. వారిలో చాలామంది కొండ దిగిన రోజే, రైలుకు ఇంకా సమయం ఉంది కదా అని, నిద్ర చాలని పిల్లలను సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని చంద్రగిరికి లాక్కెళ్లి, అరగంటలో అన్నీ తిప్పేసి, ‘వీళ్లకు ఇలాంటివి పట్టవు’ అని తేల్చేస్తారు. రాత్రంతా దర్శనం క్యూ కంపార్ట్‌మెంటులో కూర్చుని వచ్చిన పిల్లవాడికి ఏ రాజు మీద మాత్రం ఆసక్తి పుడుతుంది?

సంక్రాంతి సెలవుల్లో మా అత్తగారు, చిత్తూరు నుంచి వచ్చిన మా ఆడపడుచు, ఆమె నాలుగేళ్ల కొడుకు, మా ఆరేళ్ల పాప, నేను కలిసి వెళ్లాము. మ్యూజియం ఉన్నది రాజమహల్‌లోనే. మూడంతస్తుల ఆ భవనాన్ని కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. లోపలికి అడుగుపెట్టే ముందే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పి, ఎక్కడైనా దూలం కనబడితే నాకు చూపించమన్నాను. మా పుట్టింటి పాత మిద్దెలో దూలాల కింద పడుకునే అలవాటున్న మా పాప దీనిని పందెంగా తీసుకుని, తల పైకెత్తి మూలమూలా వెతికింది. కమానులే పైకప్పును మోస్తున్నాయంటే నమ్మక, ‘దూలం లేకుంటే పడిపోదా?’ అని నన్ను నిలదీసింది. అప్పుడు పిల్లలిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు ఆనించుకుని, కాళ్లు కొంచెం వెనక్కి జరిపి, ఒకరి మీదికి ఒకరు వాలమన్నాను. పడకుండా నిలిచారు. వాడు నవ్వు ఆపుకోలేక చేతులు తీసేసరికి పాప వెళ్లి వాడి మీద పడింది. ఇక కనబడిన ప్రతి కమాను కిందా అదే ఆట. ‘టిక్కెట్టు కొని ఆడుకోవడానికా వచ్చాము వదినా?’ అని మా ఆడపడుచు విసుక్కుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు అసలు టిక్కెట్టే లేదని గుర్తు చేశాను.

విగ్రహాల దగ్గర మా అత్తగారు ఒక్కొక్క దానికీ దండం పెట్టుకుంటూ నడుస్తుంటే, మనవడు ఆమె కొంగు పట్టుకుని, ‘అవ్వా, ఈ దేవుడికి క్యూ లేదే? టెంకాయ కొట్టరా?’ అని అడిగాడు. చెయ్యి విరిగిన దేవుడికి పూజ చేయరని, ఇట్లా భద్రంగా పెట్టి చూసుకుంటారని ఆమె చెప్పారు. ‘జరగండి, జరగండి’ అనే కేక వినబడకుండా దేవుడి ముఖాన్ని తనివితీరా చూడడం వాడికి కొత్త. ఆ ఒక్క విగ్రహం ముందు నుంచి వాడిని కదిలించడం మా వల్ల కాలేదు, మేము కదిలించాలని చూడనూ లేదు.

1565 నాటి తళ్లికోట యుద్ధం, విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి రాజధానిని మార్చుకోవడం వంటివి ఈ వయసు వారికి చెప్పి పరీక్ష పెట్టకండి. హంపి పాడైపోయాక రాజులు కొన్నాళ్లకు ఇక్కడికి కాపురం వచ్చారంటే చాలు. సంవత్సరాలు బడిలో ఎలాగూ కంఠస్థం చేయిస్తారు. ఆ రోజే ఒక పాఠశాల వారు పిల్లలను వరుసగా నిలబెట్టి, విగ్రహాల కింది పలకల మీది అక్షరాలను నోటు పుస్తకాల్లోకి ఎక్కించే పనిలో పెట్టారు. ఆ పిల్లల్లో ఒక్కరైనా విగ్రహం వైపు తలెత్తితే ఒట్టు.

చిన్న పిల్లలకు అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రమే మేలని కొందరు మీకు చెబుతారు. అదీ మంచిదే, మా పాపకూ ఇష్టమే. అయితే మీట నొక్కితే ఏదో ఒకటి కదిలితే తప్ప పిల్లల బుర్ర పనిచేయదని అనుకోవడం నాకు నచ్చదు.

మీ పిల్లలిద్దరిలో ఎవరు ముందు అలసిపోతే అప్పుడే బయటికి వచ్చేయండి, పై అంతస్తు మిగిలిపోయినా సరే. శుక్రవారం మ్యూజియానికి సెలవు. దర్శనం గురువారం రాత్రి దొరికితే, శుక్రవారమంతా పిల్లలను హాయిగా నిద్రపోనిచ్చి, శనివారం ఎండ ముదరక ముందే చంద్రగిరికి బయలుదేరండి.