జేబులో మిగిలిన ఎనిమిది పెన్నీలు

చిరంజీవికి ఆశీస్సులు.

ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ కథల సంపుటి ‘డబ్లినర్స్’ను రెండు రాత్రుల్లో ముగించానని, ఆ కథల్లో ఏమీ జరిగినట్లు లేదని రాశావు. పదిహేను కథలను అంత వేగంగా చదివితే అలాగే అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కాకపోతే నీలా ఒప్పుకునే ధైర్యం లేక, అర్థమైనట్లే చాలాకాలం మాట్లాడాను.

ఈసారి ‘అరబీ’ ఒక్కటే తీసుకుని, డబ్బు లెక్క రాసుకుంటూ చదువు. స్నేహితుడి అక్కకు బజారు నుంచి ఏదైనా తెస్తానని మాటిచ్చిన పిల్లవాడికి, ఆలస్యంగా ఇల్లు చేరిన మామయ్య ఒక ఫ్లోరిన్, అంటే 24 పెన్నీలు, ఇస్తాడు. ఆరు పెన్నీల ప్రవేశద్వారం కనిపించక, ఎక్కడ మూసేస్తారోనన్న కంగారులో అతడు ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు, చెల్లించి లోపలికి వెళ్తాడు. చివరకు జేబులో రెండు పెన్నీలు ఆరు పెన్నీల నాణెం మీద పడతాయి. మిగతా నాలుగు రైలుకు పోయి ఉండాలి. ఆ మాట జాయిస్ చెప్పడు. కొనడానికి డబ్బు చాలలేదనీ చెప్పడు. పూలు వేసిన టీ సెట్ల ముందు, ఇద్దరు యువకులతో సరసాలాడుతున్న దుకాణం అమ్మాయి ముభావంగా అడిగితే, ఏమీ వద్దంటాడు పిల్లవాడు, అంతే.

అదే పుస్తకంలోని ‘క్లే’ కథలో మరియా పాట రెండో చరణానికి బదులు మొదటిదే మళ్లీ పాడుతుంది. ఆమె వదిలేసిన చరణంలో ప్రేమికుల ప్రస్తావన ఉందని రచయిత చెప్పడు. నేనది మూడో పఠనంలో గానీ పట్టుకోలేదు.

తన శైలిలోని ఈ పిసినారితనం గురించి జాయిస్ 1906లో ప్రచురణకర్త గ్రాంట్ రిచర్డ్స్‌కు తానే రాశాడు. మాటల దగ్గరా నిజమైన పేర్ల దగ్గరా పేచీలు వచ్చి, 1912లో డబ్లిన్‌లో అచ్చయిన కాగితాలు సైతం నాశనమైపోగా, పుస్తకం 1914లో గానీ వెలువడలేదు. పొదుపుగా వాడిన మాట కనుకనే అంత సులువుగా వదులుకోలేకపోయాడని నా అనుమానం.

ఇక నువ్వు పంపిన కథ. బస్సు వెళ్లిపోయాక ముసలావిడ అరచేతిలో చిల్లర లెక్కపెట్టుకోవడం బాగుంది. ఆ తర్వాత ‘ఆమెకు జీవితమంతా శూన్యంగా తోచింది’ అని రాశావు. ఆ వాక్యం కొట్టేసి మళ్లీ పంపు.