డిగ్రీ పేరు చూడాలా, కోర్సుల పట్టిక చూడాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎకనామిక్స్ చదువుతానంటోంది. ఒక విశ్వవిద్యాలయం ఆ సబ్జెక్టును ఆర్ట్స్ ఫ్యాకల్టీలో పెట్టి బీఏ ఇస్తోంది. ఇంకోటి బీఎస్సీ ఇస్తోంది. బీఎస్సీయే గట్టిదా? అసలు ఫ్యాకల్టీ అంటే పాఠాలు చెప్పేవాళ్లు కాదా?

జవాబు: 'అక్కడ ఫ్యాకల్టీ బాగుంటారు' అన్నప్పుడు పాఠాలు చెప్పేవాళ్లే. విశ్వవిద్యాలయం లోపలి అమరికలో మాత్రం ఫ్యాకల్టీ అంటే దగ్గరి సబ్జెక్టుల డిపార్ట్‌మెంట్లన్నీ కలిసిన విభాగం. దానికి అధిపతిగా డీన్ ఉంటారు. కొన్నిచోట్ల దాన్నే స్కూల్ అంటారు. పాఠం చెప్పేది, పేపరు దిద్దేది డిపార్ట్‌మెంట్. రోజువారీ పని పడేది దాని హెడ్‌తోనే.

డిగ్రీ పేరు చాలావరకు ఆనవాయితీ. కేంబ్రిడ్జ్‌లో మూడేళ్లు ఫిజిక్స్ చదివినా చేతికొచ్చేది బీఏ. ఎంఐటీలో సాహిత్యం చదివినా బ్యాచిలర్ ఆఫ్ సైన్సే. కాబట్టి పేరు పక్కన పెట్టి, రెండు చోట్లా కోర్సుల పట్టిక తెప్పించుకోండి. కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో విశ్లేషించడం) తప్పనిసరా, ఐచ్ఛికమా? పీజీలో ఎకనామిక్సే చదవాలనుకుంటే ఈ మూడూ లేని డిగ్రీ, దాని పేరేదైనా, తర్వాత ఇబ్బంది పెడుతుంది.

ప్రశ్న: మ్యాథ్స్‌లో చేరాను. రెండో ఏడు నుంచి కంప్యూటర్ సైన్స్‌కు మారొచ్చా?

జవాబు: ఒకే ఫ్యాకల్టీలో రెండూ ఉంటే సాధారణంగా తేలిక. ఫ్యాకల్టీ మారితే ఇద్దరు డీన్ల ఒప్పుదల కావాల్సి రావొచ్చు. కానీ అసలు చిక్కు సంతకాలది కాదు, వరసది. ప్రోగ్రామింగ్ పాసైతేనే డేటా స్ట్రక్చర్స్, అది పాసైతేనే ఆల్గోరిథమ్స్, ఆ తర్వాతే చివరి ప్రాజెక్టు అనుకోండి. మూడో సెమిస్టర్‌లో మొదలుపెడితే ఆరో సెమిస్టర్‌కు సరిగ్గా సరిపోతుంది. ఒక్కటి తప్పినా, ఆ కోర్సు ఏడాదికి ఒకసారే పెట్టేదైతే డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. అందుకే కోర్సుల వరసను ప్రాజెక్టు నుంచి వెనక్కి గీసుకుంటూ రండి. ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో పెడతారో పక్కనే రాసుకోండి. పాత క్రెడిట్లలో (పాసైన కోర్సులకు లెక్కగా ఇచ్చే పాయింట్లు) ఎన్ని చెల్లుతాయో కాగితం మీద రాయించుకున్నాకే మారండి, నోటిమాట నమ్మొద్దు. యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. పది క్రెడిట్లు చెల్లకపోతే కనీసం 250 గంటలు మళ్లీ కూర్చోవాలి.

ప్రశ్న: పీహెచ్‌డీ అంటే డాక్టర్ ఆఫ్ ఫిలాసఫీ కదా, కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి 'ఫిలాసఫీ' ఎందుకు?

జవాబు: మధ్యయుగాల్లో ఫ్యాకల్టీలు నాలుగు: ఆర్ట్స్, మతశాస్త్రం, న్యాయం, వైద్యం. జర్మనీలో ఆర్ట్స్ ఫ్యాకల్టీయే ఫిలాసఫీ ఫ్యాకల్టీ అయింది. సైన్సులు చాలాకాలం దాని కిందే పెరిగాయి. తర్వాత వేరుపడ్డాయి, డిగ్రీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.