గాలిమర, సోలార్, బ్యాటరీలు: చీటీ డబ్బు లక్షన్నర పెట్టేయొచ్చా?

ప్రశ్న: సార్, మాది చంద్రగిరి. సొంత మేడ ఇల్లు. మోటార్ల రీవైండింగ్ షాపు నడుపుతాను. చీటీ పాడుకుంటే లక్షన్నర చేతికొచ్చింది, వాయిదాలు ఇంకా పది నెలలు కట్టాలి. ఇంట్లో కరెంటు నెలకు 300 యూనిట్ల దాకా కాలుతోంది, బిల్లు ఏం తగ్గించినా రెండు వేలకు అటూఇటూ వస్తోంది. ఆన్‌లైన్‌లో 28,000కు 500 వాట్ల చిన్న గాలిమర చూశాను. దాంతోపాటు సెకండ్‌హ్యాండ్ సోలార్ ప్యానెళ్లు, నాలుగు బ్యాటరీలు కొని నేనే బిగించుకుంటే కరెంటాఫీసుతో పనే ఉండదు కదా అని ఆలోచన. మా ఆవిడ మాత్రం ముందు తన నగలు విడిపించమంటోంది (60,000 అప్పు, నూటికి రూపాయిన్నర వడ్డీ). ఏం చేయమంటారు?

జవాబు: ముందు నగలు విడిపించండి. ఆ అప్పుకు నెలకు 900, ఏడాదికి 10,800 వడ్డీ కడుతున్నారు. పైగా చీటీ వాయిదాలు మిగిలే ఉన్నాయంటే చేతిలో ఉన్న లక్షన్నరలో కొంత మీ పొదుపు కాదు, ముందుగా తీసుకున్న అప్పే.

ఇక గాలిమర సంగతి. మీరు మోటార్లు విప్పి చుట్టే మనిషి కాబట్టి లెక్క దాచకుండా చెబుతాను. గాలి వేగం సగమైతే వచ్చే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతవుతుంది. వేగం నాలుగో వంతుకు పడితే 64వ వంతు. పెట్టె మీద రాసే 500 వాట్లు మామూలుగా సెకనుకు 12 మీటర్ల గాలికి వచ్చేవి. అంటే గంటకు 43 కిలోమీటర్ల వేగం. మేడ మీద ఆ గాలి వీస్తే ఆరేసిన బట్టలు పక్క వీధిలో వెతుక్కోవాలి. ఇళ్ల మధ్య సెకనుకు 3 మీటర్ల గాలి ఉందనుకుందాం. అప్పుడు వచ్చేది 8 వాట్ల లోపే, ఒక ఎల్‌ఈడీ బల్బుకు చాలీచాలనంత. రాత్రీపగలూ ఆగకుండా తిరిగినా ఏడాదికి 70 యూనిట్లు. ఈదురుగాలుల రోజులు కలుపుకుని దాన్ని రెట్టింపు చేసి, మీ బిల్లులో అన్నిటికన్నా పై ధర వేసినా 1,200 రూపాయలకు అటూఇటుగానే వస్తుంది. 28,000 తిరిగి రావడానికి ఇరవై మూడేళ్లు. అన్నేళ్లు ఆ బేరింగులు బతుకుతాయా అన్నది నాకన్నా మీకే బాగా తెలుసు.

తిరుమల కాకులకొండ మీద గాలిమరలు తిరగడం లేదా అంటారేమో. తిరుగుతున్నాయి. అవి కొండ కొమ్మున, ఎత్తైన స్తంభాల మీద, అడ్డం లేని చోట ఉన్నాయి. మన మేడల మధ్య గాలి నీళ్ల ట్యాంకులకూ కొబ్బరిచెట్లకూ కొట్టుకుని సుడి తిరుగుతుంది. చుట్టుపక్కల ఉన్న వాటన్నిటికన్నా ముప్పై అడుగుల ఎత్తులో రెక్కలు తిరిగితేనే కాస్త ఫలితం. ఆ స్తంభానికీ పునాదికీ అయ్యే ఖర్చు మీ లెక్కలో లేదు.

అసలు డబ్బు తినేసేది బ్యాటరీలు. పక్కనే కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్నా ఈ లెక్క మాత్రం ఎవరూ వేయరు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ పూర్తిగా దించేస్తే త్వరగా చచ్చిపోతుంది, కాబట్టి సగమే వాడాలి, అంటే 0.9 యూనిట్. రోజూ వాడితే నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే మొత్తం 1,300 యూనిట్లు. బ్యాటరీ 17,000 అనుకుంటే యూనిట్ దాచుకోవడానికే 13 రూపాయలు. ప్యానెల్ ఖర్చు ఇంకా కలపలేదు. ఆంధ్రలో 2022 నాటి శ్లాబుల్లో 400 యూనిట్లు దాటినవాళ్లు కట్టే పై ధర 9.75. కరెంటాఫీసును వదిలించుకోవడానికి అంతకన్నా ఎక్కువ కడతారా?

అదే సోలార్‌కు నెట్ మీటర్ (లైనుకు ఇచ్చిన కరెంటునూ తీసుకున్నదాన్నీ లెక్కగట్టే మీటరు) పెట్టుకుంటే గ్రిడ్డే, అంటే కరెంటాఫీసు లైనే మీ బ్యాటరీ. పగలు ఇచ్చి రాత్రి తీసుకుంటారు. మన ఎండకు ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు, రెండు కిలోవాట్లైతే నెలకు 240 యూనిట్లు ఇస్తుంది. ఆ శ్లాబుల ప్రకారం 300 యూనిట్లకు కరెంటు చార్జీ 1,673, మిగిలే 60 యూనిట్లకు 147. నెలకు 1,500 పైనే మిగులుతుంది. మూడు కిలోవాట్లు పెట్టమని అమ్మేవాళ్లు అంటారు, అక్కర్లేదు. సోలార్ ముందుగా మాయం చేసేది మీ బిల్లులో అన్నిటికన్నా పైనున్న, యూనిట్‌కు 8.75 పడే శ్లాబును, తర్వాత 6 రూపాయల శ్లాబును. అడుగున ఉన్న చవక యూనిట్ల కోసం ఇంకో కిలోవాట్ కొనడం దండగ.

ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సాయం చేసే పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60,000 సబ్సిడీ ఉంది. ఇక్కడే సొంత బిగింపుకు చిక్కు. నమోదైన వెండర్ ద్వారా, దేశంలో తయారైన కొత్త ప్యానెళ్లు పెడితేనే అది వస్తుంది. మీ చేత్తో బిగిస్తే కూలి కింద పది పదిహేను వేలు మిగలొచ్చు, పోయేది 60,000. సెకండ్‌హ్యాండ్ ప్యానెళ్లలో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి, అది వేరే కథ.

సబ్సిడీ అనేది బిగింపు పని పూర్తయి తనిఖీ జరిగాకే ఖాతాలో పడుతుంది కాబట్టి డబ్బు ఇలా సర్దండి. లక్షన్నరలో 60,000 నగలకు. 30,000 చీటీ వాయిదాలకూ అత్యవసరానికీ బ్యాంకులో. మిగతా 60,000 సోలార్‌కు. కొటేషన్ 1,30,000 వచ్చిందనుకుందాం, తక్కువైన 70,000కు ఈ పథకం కింద బ్యాంకులు ఇచ్చే లోను తీసుకోండి, వడ్డీ మీ నగల అప్పులో సగం కూడా ఉండదు. సబ్సిడీ రాగానే ఆ 60,000 లోనులో కట్టేస్తే మిగిలేది పదివేలే. మీ సొంత డబ్బు 70,000 నాలుగేళ్లలోపు వెనక్కి వస్తుంది. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ మాత్రం ఏ పదేళ్లకో మార్చాల్సి రావచ్చు. కొటేషన్ మాట్లాడేటప్పుడు స్ట్రక్చర్ (ప్యానెళ్లను నిలబెట్టే చట్రం) గట్టిదనాన్ని అడగండి. కోతులు ఊగినా, నవంబరు తుపాను గాలి కొట్టినా కదలకూడదు.

ఒక మాట ముందే చెప్పాలి: కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. ఫ్యానుకూ లైట్లకూ ఒక మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ చాలు.

సర్వీసు కనెక్షన్ ఎవరి పేరున ఉందో కూడా చూసుకోండి. చాలా ఇళ్లలో కాలం చేసిన నాన్నగారి పేరే ఉంటుంది. మీ పేరుకు మారాకే దరఖాస్తు పెట్టండి.

గాలిమర తయారు చేయాలన్న సరదా ఉంటే మానుకోమనను. నగల వడ్డీ నెలకు 900 మిగులుతుంది కదా, ఆరు నెలలు పక్కన పెడితే 5,000 దాటుతుంది. కాయిల్ మీరే చుట్టుకోగలరు. షాపులో పాత బేరింగులు ఉండనే ఉంటాయి. ఒక చిన్న బ్యాటరీకి కలిపి మెట్ల దగ్గర బల్బు వెలిగించండి. ఇంటి వైరింగుకు మాత్రం ఆ తీగ తగిలించకండి.