బస్టాండ్‌లో మందుల మెషిన్ పెట్టొచ్చా? ఒక మెడికల్ షాపువాడి జవాబు

అమెరికాలో యూనివర్సిటీల్లో కార్డు గీకితే తలనొప్పి మాత్రలిచ్చే మెషిన్లు ఉన్నాయి, మా ఊరి బస్టాండ్‌లో ఒకటి పెడితే నడుస్తుందా, లైసెన్స్ కావాలా అని అడిగారు. ఖమ్మం వైపు ఒక బస్టాండ్ ఎదురుగా మాకు మెడికల్ షాపు ఉంది. పోటీ వస్తుందన్న భయంతో చెప్తున్నాననుకోకండి. అర్ధరాత్రి షట్టర్ కొట్టి లేపేవాళ్ల బాధ తప్పుతుందంటే నాకూ హాయే. కానీ ఇప్పుడున్న రూల్స్‌తో ఇంగ్లీషు మందులు మెషిన్‌లో పెట్టడం కష్టం.

మన 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో ఓటీసీ (డాక్టర్ చీటీ లేకుండా కొనుక్కునే మందులు) అని విడిగా విభాగమే లేదు. డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాల్సినవి షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్‌లలో ఉంటాయి. మిగతావి చీటీ లేకుండా ఇస్తాం, అంతే. చీటీ అక్కర్లేదంటే లైసెన్స్ కూడా అక్కర్లేదని కాదు. రిటైల్ లైసెన్స్‌కి కనీసం 10 చదరపు మీటర్ల స్థలం చూపించాలి. మెషిన్‌కి అంత చోటెక్కడిది? వెయ్యికి మించని జనాభా ఉన్న పల్లెల్లో మాత్రం పారాసిటమాల్, బామ్‌ల వంటివి కొన్ని షరతులతో లైసెన్స్ లేకుండా అమ్ముకోవచ్చు. మీ ఊరికి బస్టాండే ఉందంటే ఆ లెక్కలోకి రాదు.

20ఏ, 21ఏ ఫారాల్లో ఇచ్చే పరిమిత లైసెన్స్ ఇంకోటుంది. అందులో కంపెనీ ప్యాక్ ఎలా వచ్చిందో అలాగే అమ్మాలి. అసలు చిక్కు ఇక్కడే. బస్టాండ్ గిరాకీ అంతా రెండు మాత్రల గిరాకీ. డోలో 650 స్ట్రిప్‌లో 15 ఉంటాయి, వచ్చినవాడు "రెండు జ్వరం బిళ్ళలు ఇవ్వన్నా" అంటాడు. మేం బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్న కొస షాపులో మిగిలేలా అవతలి కొస నుంచి కత్తిరించి ఇస్తాం. మెషిన్ కత్తిరించలేదు, మొత్తం స్ట్రిప్ పడేస్తుంది. బస్సు కదులుతుంటే పదిహేనుకి డబ్బు ఎవరు పెడతారు?

గ్యాస్ మాత్ర అని జనం అడిగేది ఎక్కువగా పాంటప్రజోల్. అది షెడ్యూల్ హెచ్‌లో ఉంది కాబట్టి మీ మెషిన్‌లోకి రానేరాదు.

ఇంకో సంగతి. జలుబు మాత్రల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. మా దగ్గరకొచ్చే డ్రైవర్లని "డ్యూటీ ఎక్కుతున్నావా, దిగావా?" అని అడిగాకే ఇస్తాం. అవే మాత్రల్లో పారాసిటమాల్ కూడా ఉంటుంది. అది వేసుకుని, పైన డోలో కూడా వేసుకుంటే రోజుకి దాటకూడని 4 గ్రాములకి తెలియకుండానే దగ్గరవుతారు. స్క్రీన్ మీద హెచ్చరిక పెట్టొచ్చంటారు. బస్సు హారన్ కొడుతుంటే దాన్ని చదివేదెవరు?

అమెరికాలోనూ అన్నీ మెషిన్‌లో పెట్టనివ్వరు. 1982లో చికాగో దగ్గర టైలెనాల్ (అక్కడి పారాసిటమాల్ బ్రాండు) క్యాప్సూల్స్‌లో ఎవరో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. ఆ తర్వాతే ఎవరైనా చెయ్యిపెడితే తెలిసిపోయే సీలు ప్యాకింగ్ అక్కడ తప్పనిసరైంది. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందులకైతే 2006 నుంచి ఐడీ చూపించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, మామూలు మెషిన్‌తో అది కుదరదు.

ఎండ సంగతి కూడా చూసుకోండి. చాలా మందుల పెట్టె మీద 30 డిగ్రీల లోపు ఉంచమని ఉంటుంది. మన దగ్గర మే నెలలో రేకుల షెడ్డు కింద ఇనుప పెట్టెలో ఎంతుంటుందో మీకు తెలియనిది కాదు. కూలింగ్ పెడితే కరెంటు బిల్లు, కరెంటు పోతే ఇన్వర్టర్. రెండు రూపాయల మాత్ర మీద అదంతా రాదు.

పెట్టాలనే ఉంటే ఆయుర్వేద, యునానీ సరుకు చూడండి. వాటి తయారీకే గానీ, అమ్మకానికి డ్రగ్ లైసెన్స్ అడగరు. జిందా తిలిస్మాత్ యునానీ. విక్స్ డబ్బా తిప్పి చూడండి, ఆయుర్వేదిక్ అనే ఉంటుంది. బస్సెక్కేవాళ్లకి పనికొచ్చేవే ఇవి. పక్కన శానిటరీ ప్యాడ్లు, మాస్కులు పెట్టండి, ప్యాడ్ల దగ్గరే మీకు గిరాకీ నిలబడుతుందని నా లెక్క.

అడ్వాన్సు కట్టేముందు మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ని కలిసి, ఏమేం పెడుతున్నారో ఆ జాబితా చూపించండి. మెషిన్ అమ్మేవాళ్లు "లైసెన్స్ సంగతి మేం చూసుకుంటాం సార్" అంటారు. ఏ ఫారంలో, ఎవరి పేరు మీద, ఏ అడ్రస్‌కి అని అడిగి కాగితం మీద రాయించుకోండి.